గోడ మీద పేరెవరిది? కేసులో పేరెవరిది?

బారులోకి అడుగుపెడితే కౌంటరు వెనక గోడకి అద్దం కట్టించిన లైసెన్సు కనబడుతుంది. దాని మీద ఒక పేరు. చాలాచోట్ల ఆ పేరుకు తోక కూడా ఉంటుంది. ఆ పేరుగలాయన గ్లాసు కడగడు. గ్లాసులో పొయ్యడు. తాగినోడు కక్కితే తుడవడు. ఇవన్నీ చేసేది సాయంత్రమయ్యేసరికి గాజువాక, మల్కాపురం, జ్ఞానాపురం, కంచరపాలెం పేటల నుంచి బస్సెక్కి వచ్చే మనోళ్లు. మాల, మాదిగ, రెల్లి, జాలరి బిడ్డలు. వీళ్ల పేరు గోడ మీద ఉండదు. మరెక్కడుంటుంది? కేసులో ఉంటుంది.

ఊరికే అనడం లేదు. మా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు మొన్న సంఘం ఆఫీసుకొచ్చి తల దించుకు కూర్చున్నాడు. స్టీలుప్లాంటు కింద పోయిన ఊరి కుటుంబం. ఇంట్లో ఆర్ కార్డు ఉంది, ఉద్యోగం లేదు. నాలుగేళ్లుగా ఒక బారులో సర్వరు. తనిఖీకి వచ్చినవాళ్లకి అమ్మకూడని సరుకేదో దొరికింది. "మాస్టారూ, ఆ సీసా నాను ముట్టనేదండి. లోపలికెవుడు తెచ్చినాడో తెల్దు. నౌకర్‌నామాలో నా పేరుందని నన్నట్టుకుపోనారు. షావుకారు ఫోనెత్తడం మానేసినాడండి" అన్నాడు.

నౌకర్‌నామా! ఈ మాట మనలో చాలామంది విని ఉండరు. మేమూ ఆ రోజే సరిగ్గా విన్నాం. లైసెన్సుదారు తన దగ్గర ఫలానావాడు పని చేస్తాడని ఎక్సైజు ఆఫీసులో పేరు రాయించుకునే కాగితమది. పేరులోనే ఉంది చూడండి, నౌకరు. అడిగేది యజమాని, దాచుకునేది యజమాని. పని మానేస్తే ఆ కాగితం మనోడికి చిత్తుకాగితం. ఇన్నేళ్లు పనిచేశానని చూపించుకోడానికి పనికిరాదు. జైలుకు పంపడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ఇంకో దేశం సంగతి చెబుతాం. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో మందు పోసేవాడికే పర్మిటు ఉంటుంది. శిక్షణ తీసుకోవాలి, పరీక్ష రాయాలి. తాగి తూలేవాడికి ఇక పోయకూడదని, వయసు చాలనివాడికి అమ్మకూడదని నేర్పుతారు. పర్మిటు ఐదేళ్లు చెల్లుతుంది, పనివాడి పేరు మీదే ఉంటుంది. యజమాని మారినా కార్డు వాడి జేబులోనే ఉంటుంది. అమెరికాని చూసి చంకలు గుద్దుకోమనడం లేదు, అక్కడ నల్లవాళ్లని ఏం చేశారో మనకి తెలుసు. అడుగుతున్నదొక్కటే. గ్లాసు పట్టుకున్న చేతికి ఒక పనితనం ఉందని అక్కడి చట్టం ఒప్పుకుంది. ఇక్కడెందుకు ఒప్పుకోదు?

ఎందుకంటే ఇక్కడ గ్లాసు చరిత్ర వేరు. మన తాతలకి టీ హోటల్లో చూరుకి వేలాడేసిన గ్లాసు వేరే ఉండేది. తాగి, తామే కడిగి, తామే పెట్టాలి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చాక కూడా ఎన్నో ఊళ్లలో ఆ రెండో గ్లాసు చూరు దిగలేదు. వాళ్ల మనవడు ఇవాళ బీచ్‌రోడ్డు హోటల్లో బో కట్టుకుని దొరల గ్లాసులో ఐసుముక్క వేస్తున్నాడు. ముట్టుడు పోయిందని సంబరపడేవాళ్లు పడొచ్చు. చేతికి తొడుగు తొడిగించి, పేరు అడక్కుండా "ఒరేయ్ బాబూ" అని పిలవడాన్ని మేం సమానత్వం అనుకోం.

"అయితే మనకీ షాపుల్లో వాటా అడుగుదాం మాస్టారూ" అంటున్నారు కుర్రాళ్లు. తెలంగాణలో 2021లో మద్యం షాపుల్లో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. మన రాష్ట్రంలో 2024 మద్యం విధానంలో గీత కులాలకు 10 శాతం అన్నారు. మన యాత, సెగిడి, శ్రీశయన సోదరులకు అది న్యాయమే, తాడిచెట్టెక్కి ప్రాణాలు పణంగా పెట్టిన కులాలవి. మేం ఏడవడం లేదు. ఎస్సీలకు మాత్రం ఇక్కడ పిసరంత లేదు. అడగాలి, తప్పు కాదు.

కానీ లెక్క చూసుకుని అడగండి. 2024 అక్టోబరులో 3,396 షాపులకు లాటరీ తీశారు. అప్లికేషను ఫీజు 2 లక్షలు, చీటీ తగలకపోతే తిరిగివ్వరు. 89,882 అప్లికేషన్లొచ్చాయి. షాపు తలుపు తెరవకముందే సర్కారుకు 1,797 కోట్లు! మన సర్వరుకి నెలకు పన్నెండు వేలొస్తే ఎక్కువ. తిండి మానేసి దాచినా ఒక్క చీటీ వెయ్యడానికి ఏడాదిన్నర జీతం. ఇక బారంటారా, 2025 విధానంలో అప్లికేషనుకే 5 లక్షలు, విశాఖలాంటి ఊరికి లైసెన్సు ఫీజు ఏడాదికి 75 లక్షలు. ఈ డబ్బు మనోడికి ఎవడిస్తాడు? వెనకున్నోడు ఇస్తాడు. అప్పుడు గోడ మీద మన పేరు, గల్లాపెట్టె వాడిది. కేసొస్తే మళ్లీ మన పేరే. నౌకర్‌నామాకి అద్దం కట్టించినట్టవుతుంది.

మన సంఘం అక్కలు ఇంకో ప్రశ్న వేశారు. అది గట్టి ప్రశ్న. "సారాకి ఎదురు తిరిగినోళ్లం మేము. ఇప్పుడు పోసేవాళ్ల తరపున మీటింగు పెడతారా?" అన్నారు. నిజమే. వారుణి వాహిని పేరుతో సారా పాకెట్లు పల్లెలకి పంపింది సర్కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడితే, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఎత్తేశారు. ఆ పోరాటంలో కూలి ఆడవాళ్లు దెబ్బలు తిన్నారు, ఓట్లు వేరేవాళ్లు తిన్నారు. మన పేటల్లో బెల్టుషాపు ఉండకూడదన్న మాటమీద మేం ఇప్పటికీ అక్కల వెనకే ఉన్నాం. అయితే 1951లో బాబాసాహెబ్ నడిపిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక మద్యనిషేధాన్ని వ్యతిరేకించిందని కూడా గుర్తుచేస్తాం. నిషేధంతో ఖజానాకి నష్టమని, ఇంటింటా సారా బట్టీ పుడుతుందని వాదించింది. ఆ మాటని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, మాలోనే రెండభిప్రాయాలున్నాయి. తాగించే వ్యాపారంతో కొట్లాట వేరు, ఆ వ్యాపారంలో కూలికి పోయినవాడి హక్కు వేరు. ఆ కుర్రాడి అమ్మ కూడా మన సంఘం మనిషేనని అక్కలకి చెప్పాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సర్కారే యజమానైతే బాగుంటుందా అంటే, అదీ చూశాం. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్లు సర్కారే షాపులు నడిపింది. డిగ్రీ, ఇంటరు చదివినోళ్లని కాంట్రాక్టు మీద సూపర్‌వైజర్లుగా, సేల్స్‌మెన్‌గా పెట్టుకుంది. మా దగ్గర చదివిన పిల్లలూ వెళ్లారు. 2024 అక్టోబరులో షాపులు ప్రైవేటుకి పోయాయి, వీళ్లు రోడ్డున పడ్డారు. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా ఇంకోటి చెబుతాం. 2020 మేలో కరోనా లాక్‌డౌన్ సడలించి షాపులు తెరిచినప్పుడు మన విశాఖ జిల్లాలో ప్రభుత్వ టీచర్లనే మద్యం క్యూల దగ్గర డ్యూటీకి వేశారు. సుద్దముక్క పట్టే చేత్తో టోకెన్లు! పైవాడికి అవసరమొస్తే పంతులైనా నౌకరే. అందుకే ఆ కుర్రాడిని "ఆ పనికెందుకెళ్లావురా" అని మేం అడగలేకపోయాం.

ఇప్పుడు పని విషయం. బార్లలో, హోటళ్లలో, షాపుల్లో పనిచేసే మనోళ్లు మీ పేటలో ఎంతమందున్నారో రాసి పంపండి. యజమానిని అపాయింట్‌మెంట్ ఆర్డరు అడగండి. పదిమంది పనిచేసే చోట ఈఎస్‌ఐ వర్తిస్తుంది, కార్డుందో లేదో చూడండి. నౌకర్‌నామాలో పేరుంటే దాని జిరాక్సు మీ ఇంట్లో ఒకటి, సంఘం ఆఫీసులో ఒకటి ఉంచండి. పని మానేసిన రోజునే ఆ పేరు తీసెయ్యమని ఎక్సైజు ఆఫీసుకి అర్జీ పెట్టి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. పోసేవాడి పేరు మీదే శిక్షణ, కార్డు ఇవ్వాలని ఎక్సైజు శాఖకి పెట్టే మహజరు మీద సంతకాలు మొదలయ్యాయి. మొదటి సంతకం ఆ కుర్రాడి అమ్మది. ఆవిడకి చదువు రాదు, వేలిముద్ర వేసింది. కొడుకు వాయిదాకి ఆవిడతోపాటు కోర్టుకి రాగలిగినవాళ్లు ఆఫీసులో పేరిచ్చి వెళ్లండి.