పొగ పెట్టిన కైమా

పొయ్యి పొగకు కళ్ళు మండి ఏడ్చిన తరం మాది. ఇంటికి గ్యాసుపొయ్యి వచ్చిన రోజున మా అత్తగారు ఊదుగొట్టాన్ని అటక మీదికి విసిరేసి, "నీ రుణం తీరింది పో" అన్నారు. అటువంటి ఇంటికి దసరా పండక్కి అమెరికా నుంచి వచ్చిన మా మనవడు, పెట్టె దించీ దించకముందే, "అమ్మమ్మా, మాంసానికి పొగ పెడదాం" అన్నాడు.

వాడుండేది డల్లాసులో. అక్కడ ఆదివారం వస్తే చాలు, ఇంటి వెనక ఇనుపపెట్టె వంటి పొయ్యి పెట్టుకుని, కట్టెముక్కలు రాజేసి, బర్గర్లకు పొగ పట్టిస్తారట. బర్గరంటే బ్రహ్మవిద్యేం కాదు. కైమాని వేలెడు మందాన బిళ్ళలుగా తట్టి, కాల్చి, బన్నుని రెండుగా చీల్చి నడుమ పెట్టుకు తినడమే. జర్మనీలో హాంబర్గ్ అనే ఊరుంది, ఆ ఊరి పేరే దీనికి అంటుకుంది. మా చిట్యాలలో బన్నులు దొరక్కపోవు గాని, నేను మాత్రం జొన్నరొట్టెలే చేస్తానని ముందుగానే చెప్పేశాను.

"పొగ మాకు నేర్పేవాడివా నువ్వు?" అన్నాను కూడా. వానాకాలంలో ఎండ చాలనప్పుడు ఒట్టి తునకల్ని, అంటే ఉప్పూ పసుపూ పట్టించి ఆరబెట్టిన మాంసం ముక్కల్ని, పొయ్యి పైన దండెం కట్టి వేలాడదీయడం చిన్నప్పుడు చూసిన దాన్ని నేను. హైదరాబాదు వంటిళ్ళ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వండిన కూర నడుమ ఉల్లిపాయ దొప్ప ఉంచి, అందులో కణకణలాడే బొగ్గు వేసి, పైన చెంచాడు నెయ్యి పోసి, చటుక్కున మూత పెడతారు. దాన్ని ధుంగార్ అంటారు. పది నిమిషాల పని. మనవడు అదంతా విని, "అది పొగ వాసన అమ్మమ్మా. నేను చేసేది పొగతోనే వంట" అన్నాడు. నిజమే, రెండూ ఒకటి కావు.

ముందు బొగ్గు విషయం వచ్చింది. పొరుగింటావిడ, "భూపాలపల్లి గనులు పక్కన్నే ఉండంగ బొగ్గుకేం తక్కువ?" అంది. ఆ పొరపాటు మీరెవరూ చెయ్యకండి. గనిలోంచి వచ్చే రాతిబొగ్గులో గంధకమూ తారూ ఉంటాయి. అది విద్యుత్తు కేంద్రాలకు పనికొస్తుంది గాని నోట్లో పెట్టుకునే తిండికి తగదు. దీనికి కట్టెబొగ్గే కావాలి. మేము తుమ్మబొగ్గు తెచ్చి, పైన వెయ్యడానికి బాగా ఎండిన మామిడి చెక్కలు కొట్టించాం. రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు ఉన్నాయి కదా అని పొయ్యిలో పడేసేవాళ్ళున్నారు, అదీ తప్పే. పొగ పల్చగా, నీలంగా, కనిపించీ కనిపించనట్టు ఉండాలి. తెల్లగా దట్టంగా లేచిందంటే కట్టె సరిగా అంటుకోలేదన్నమాట. ఆ పొగ తగిలిన మాంసం చేదెక్కుతుంది.

కొలత అడుగుతారని తెలుసు. కిలో కైమాకి ఏడు బిళ్ళలు వచ్చాయి. మేకమాంసంలో కొవ్వు తక్కువ గనక, కొట్టువాడితో చెప్పి కిలోలో అయిదోవంతు కొవ్వు కలిపి, మరీ మెత్తగా కాకుండా పలుకు పలుకుగా కొట్టించాలి. ఉప్పు ముందే వేసి పిసికితే బిళ్ళ రబ్బరులా సాగుతుంది. అంచేత పొగ మీద పెట్టేముందు పైపైన చల్లితే చాలు. బిళ్ళ నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కాలి, లేకపోతే ఉడికేటప్పుడు బూరెలా ఉబ్బుతుంది. తట్టిన బిళ్ళల్ని గంటసేపు ఫ్రిజ్జిలో ఉంచమన్నాడు మనవడు. చల్లగా, కాస్త తడిగా ఉన్న దానికే పొగ బాగా పడుతుందట. పాత గోలెం ఒకటి దొడ్లో పడుంటే కడిగి, ఒక పక్కన నిప్పులు పోసి, రెండో పక్కన ఇనుప జల్లెడ మీద బిళ్ళలు పేర్చి, మూకుడు కొంచెం సందుంచి మూశాం. లోపలి వేడి 110 నుంచి 120 డిగ్రీల సెంటిగ్రేడు. సుమారు గంట పడుతుంది.

సుమారు అన్నాను గాని, ఈ వంటలో గడియారాన్ని నమ్మకూడదు. కంటిని అసలే నమ్మకూడదు. ముక్క మాంసమైతే పురుగులు, అంటే జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు, పైభాగంలోనే ఉంటాయి. నిప్పు తగలగానే చస్తాయి. కైమా అలా కాదు. కొట్టేటప్పుడు పైనున్నది లోపలికీ, లోపలిది పైకీ కలిసిపోతుంది. 1993లో అమెరికా పడమటి రాష్ట్రాల్లో సరిగా ఉడకని బర్గర్లు తిని ఏడువందల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. అందుకని కైమా బిళ్ళ నడిబొడ్డున 71 డిగ్రీలు వచ్చేదాకా దించవద్దంటారు. మనవడు సూదిలా పొడిచే థర్మామీటరొకటి వెంట తెచ్చుకున్నాడు.

రంగు చూస్తే తెలియదా అన్నాను. తెలియదట. కొన్నిసార్లు 71 రాకముందే కైమా గోధుమరంగుకి తిరిగి మోసం చేస్తుంది. పొగ పెట్టినప్పుడు దీనికి తిరకాసు. పొగలోని నైట్రిక్ ఆక్సైడు, కార్బన్ మోనాక్సైడు అనే వాయువులు మాంసంలోని ఎర్రటి పదార్థాన్ని పట్టుకుని వదలవు. పూర్తిగా ఉడికినా బిళ్ళ గులాబిరంగులోనే ఉంటుంది. ఈ రెండో వాయువు పేరు కాస్త గుర్తుంచుకోండి.

బిళ్ళలు గోలెంలోకి ఎక్కి ఇరవై నిమిషాలైందో లేదో, వాన దిగింది. జల్లు కాదు, కుండపోత. మనవడూ మా ఆయనా తలో పక్కా గోనెపట్టాతో పట్టుకుని, గోలెంని వెనకగదిలోకి మోసుకొచ్చారు. ఆ గదిలో ఎనభై దాటిన మా అత్తగారి మంచం ఉంది. జల్లు కొడుతోందని తలుపు వేశాం, కిటికీ అద్దాలు మూశాం. మామిడి చెక్కలు అప్పటికే కాలిపోయి పొగ తగ్గింది. నిప్పులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. కంట్లో నీళ్ళు లేవు, దగ్గు లేదు. హాయిగా వెచ్చగా ఉందనుకుని అందరం అక్కడే చేరి కబుర్లు మొదలుపెట్టాం.

అరగంటకి నాకు తలనొప్పి ఎత్తుకుంది. పొద్దుటినుంచీ పని కదా అనుకున్నాను. మనవడు కడుపులో తిప్పుతోందన్నాడు, ఆకలి అన్నాను. అత్తగారు మాట్లాడ్డం మానేశారు, కునుకు పట్టిందనుకున్నాను. చూడండి, ఒక్కొక్కదానికీ ఎంత చక్కని కారణం దొరికిందో.

మా తమ్ముడు భూపాలపల్లి గనిలో పనిచేస్తాడు. షిఫ్టు దిగి, తడుస్తూ, పండగ భోజనానికి వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టి గోలెంని చూశాడు, మూసిన కిటికీని చూశాడు. వాడు అంత గట్టిగా అరవగా నేనెన్నడూ వినలేదు.

"అక్కా, లే! ముసలామెను పట్టు! ముందుగాల మనుషులు బయటికి, బొగ్గుల ముచ్చట తర్వాత!"

మంచంతో సహా అత్తగారిని వాకిట్లో పందిరి కిందికి చేర్చాం. లేచేసరికి నా కాళ్ళు నావి కావు. ఆవిడ పలకరిస్తే కళ్ళు తెరుస్తారు, మళ్ళీ మూస్తారు. 108కి ఫోను చేశాం. ఆసుపత్రిలో ముక్కుకి ప్రాణవాయువు పెట్టి రాత్రంతా ఉంచారు. ఆ రాత్రి బల్లమీద కూర్చుని మా తమ్ముడు చెప్పినదే మీకు చెబుతున్నాను.

గాలి చాలక అరకొరగా కాలే బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట ఇది కూర్చుంటుంది. ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కైమాని గులాబిరంగులో నిలిపి ఉంచేదీ, మా అత్తగారికి కునుకు పట్టించిందీ ఒకే వాయువు. దీన్ని కనిపెట్టడానికే ఒకప్పుడు ఇంగ్లండు గనుల్లో చిన్న పిట్టల్ని పంజరాల్లో పెట్టి దింపేవారు. మనిషికంటె ముందు పిట్ట తూలిపోయేది. 1986 దాకా అక్కడ ఆ పద్ధతి ఉండేది. తరవాత యంత్రాలొచ్చాయి.

"మా దగ్గర మిషను మొత్తుకుంటది. నీ ఇంట్ల ఏముంది అక్కా మొత్తుకునేందుకు?" అన్నాడు.

మనవడు తల ఎత్తలేదు. డల్లాసులో వాళ్ళ ఇంటి పైకప్పుకి అటువంటి మిషను బిగించే ఉందట. అక్కడ పొయ్యిని ఎప్పుడూ గదిలోకి తేలేదట. ఇక్కడికొచ్చేసరికి అమ్మమ్మ ఇల్లు కదా అనుకున్నాడు. ఏడ్చాడు పాపం. నేను కూడా తిట్టలేకపోయాను, తలుపు వేసింది నేనే గనక.

మర్నాడు మధ్యాహ్నానికి అత్తగారు లేచి కూర్చుని, టీ అడిగి, "పెండ్లయిన కాడికెళ్ళి పొగల్నే బతికిన, అప్పుడు కాంది ఇప్పుడెందుకైంది?" అని నిలదీశారు. మంచి ప్రశ్నే. మా పాత ఇంటికి పెంకులకప్పు. చూరుకింద జానెడు సందు, వంటింటికి సగం తలుపు. పొగ కళ్ళనూ ఊపిరితిత్తులనూ పాడుచేసింది నిజమే గాని, వాయువు నిలవకుండా ఆ సందుల్లోంచి పోయేది. ఇప్పటిది స్లాబు ఇల్లు. చీమ దూరే సందు లేదని మేస్త్రీ గొప్పగా చెప్పాడు కూడా. పైగా పొగ ఉంటే కళ్ళు మండి మనమే బయటికి పరుగెడతాం. పొగ పోయి నిప్పులు మిగిలినప్పుడే మనకు ధైర్యం వస్తుంది.

మనవడి ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్ళీ కైమా తెప్పించాను. మా ఆయన వద్దన్నారు. ఈసారి గోలెం దొడ్లో, చింతచెట్టుకు దూరంగా పెట్టాం. వాన వస్తే బిళ్ళల్ని తీసి గ్యాసుపొయ్యి మీద పెనంలో కాల్చేద్దాం, గోలెం మాత్రం గడప దాటకూడదని అనుకున్నాం. వాన రాలేదు. గంటా పది నిమిషాలకి సూది 71 చూపించింది. విరిస్తే లోపల గులాబిరంగు. చూసి నా ఒళ్ళు ఒక్క క్షణం జలదరించింది.

అత్తగారు వాకిట్లో మంచం మీదనే కూర్చుని, జొన్నరొట్టెలో ఒక ముక్క చుట్టుకుని నమిలారు. మనవడు ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు.

"ఉప్పు సాలలే" అన్నారు.

రెండో ముక్క ఇంకో రొట్టెలో చుట్టి ఇమ్మన్నారు.