సరమ మొర

'కుక్క తోక వంకర' అన్న సామెత మనకు సుపరిచితం. ఎంత ప్రయత్నించినా మారని స్వభావానికి దానిని దృష్టాంతంగా చెబుతుంటాం. తోక సంగతి ఎలా ఉన్నా, కుక్క నడవడి మారుతుంది. అయితే దానిని మార్చదలచిన మనిషి ముందుగా తన దృష్టిని మార్చుకోవాలి.

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులను తలచుకోండి. రైతు ఏడాది కష్టమంతా ఆరుబయట ఎర్రగా పరచి ఉంటుంది. ఆ రాత్రులలో చిన్న అలికిడికైనా మొరిగే కుక్క అతనికి ఆత్మబంధువు. అదే కుక్కను గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇరుకింటికి తెచ్చి, మెట్ల పక్కన మూరెడు గొలుసుతో కట్టివేస్తే, ఆ మొరుగే దుర్గుణమనిపించుకుంటుంది. మారినది కుక్క గుణం కాదు, దాని చోటు.

మొరగడం, గుర్రుమనడం, చెప్పులు కొరకడం కుక్కకు భాష వంటివి. భయం, నొప్పి, ఒంటరితనం, తిరుగాడే వీలు లేకపోవడం ఆ భాషకు మూలాలు. చెవిలో పుండున్న కుక్క తల నిమరబోయిన చేతిని కరవవచ్చు. కనుక నడవడి హఠాత్తుగా మారితే తొలుత పశువైద్యుని సంప్రదించాలి. గుర్రుమనడం ఒక హెచ్చరిక. దెబ్బలతో దానిని మాన్పిస్తే, కుక్క హెచ్చరించకుండానే కరవడానికి అలవాటుపడవచ్చు.

1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్, ఆహారానికి ముందు ప్రతిసారీ ఒక సంకేతం ఇస్తూ వస్తే, కొన్నాళ్లకు ఆ సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరుతుందని నిరూపించాడు. వెంటవెంటనే జరిగిన వాటినే కుక్క ముడిపెట్టుకుంటుంది. ఉదయం కొరికిన చెప్పుకు సాయంత్రం దండిస్తే దానికి చెప్పు స్ఫురించదు. యజమాని రాకే భయహేతువవుతుంది. మంచిగా మెలగిన క్షణంలోనే ఒక ముద్ద, ఒక మెచ్చుకోలు. మీదికి దూకినప్పుడు ముఖం తిప్పుకోవడం. ఇంటిల్లిపాదికీ ఒకే నియమం. రెండుపూటలా నడక - దిద్దుబాటుకు ఇవే సాధనాలు. నిత్యం కట్టివేసి ఉంచే కుక్కను తిప్పకుండా ఉపేక్షించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కరిచే కుక్కను సహించమని దీని అర్థం కాదు. పసిపిల్లలను దానితో ఒంటరిగా వదలరాదు. రేబిస్ టీకా తప్పక వేయించాలి. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, జాగు చేయక వైద్యుని చేరాలి. అంతేగాని, విసుగెత్తి కుక్కను ఊరి వెలుపల విడిచి రావడం పరిష్కారం కాదు. ఇంటి సమస్యను వీధిపాలు చేయడమే అది.

నన్నయ ఆదిపర్వంలో సరమ అనే దేవశునకం కథ ఉంది. యాగశాల వద్ద ఆడుకుంటున్న దాని బిడ్డను జనమేజయుని తమ్ములు నిష్కారణంగా కొట్టారు. ఆ తల్లి నేరుగా రాజు వద్దకే వెళ్లి ఆక్షేపించింది. తగునో తగదో విచారించక సాధుప్రాణులను బాధించేవారికి ఊహించని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. మహాభారతం తన ఆరంభంలోనే ఒక కుక్క మొరకు చోటిచ్చింది. చేతికి కర్ర తీసుకోబోయే ముందు, ఆ మూగజీవి ఏమి చెబుతున్నదో ఒక్క క్షణం ఆలోచించడం చదువుకున్న మనకు కనీస ధర్మం.