మన పిల్లల పాలపళ్లు సాక్ష్యం చెప్పగలవు



గని పక్క ఊళ్లల్లో పిల్లలు జబ్బు పడుతున్నరంటే అధికారులు అడిగేది ఒకటే: "రుజువేది?" వాగు నీళ్లు పరీక్షకు పంపితే ఒక్క వానకే లెక్క మారిపోతది. రక్తంలో చేరిన సీసం కూడా కొన్ని నెలల్లో తగ్గిపోతది. పన్ను అట్ల కాదు.

సీసం ఒంట్లోకి పోతే కాల్షియం దారి పట్టుకొని ఎముకల్లో, పళ్లల్లో చేరుతుంది. ఎముక అరిగి మళ్లీ కట్టుకుంటుంది, పంటి ఎనామిల్ మాత్రం ఒకసారి ఏర్పడితే అంతే. పాలపళ్లు తల్లి కడుపులోనే తయారవడం మొదలవుతాయి. అంటే మనం ఇంటి కప్పు మీదికి విసిరేసే ఆ చిన్న పన్నులో బిడ్డ తొలినాళ్ల లెక్క దాగుంది.

ఇది ఊహ కాదు. 1958లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో తల్లులు, సైంటిస్టులు కలిసి పాలపళ్లు సేకరించడం మొదలుపెట్టారు. అణుబాంబు పరీక్షల నుంచి వచ్చిన స్ట్రాన్షియం-90 పిల్లల పళ్లల్లో పెరుగుతోందని తేలింది. 1963 నాటి అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి ఆ పళ్లు కూడా బలమిచ్చాయి. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పాలపళ్లల్లో సీసం కొలిచి, అది ఎక్కువున్న పిల్లలు చదువులో, ఏకాగ్రతలో వెనకబడుతున్నారని చూపించాడు. ఆ పిల్లలు పైకి ఆరోగ్యంగానే కనిపించారు!

మరి మనం? జార్ఖండ్‌లోని జాదుగూడలో 1967 నుంచి యురేనియం తవ్వుతున్నారు. జబ్బులకు గనే కారణమా కాదా అన్న వాదన నేటికీ తెగలేదు. తవ్వకముందు లెక్క చేతిలో లేకుంటే ఎక్కడైనా ఇంతే. నల్లమలలో యురేనియం వద్దని 2019లో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. మంచిదే. కానీ తీర్మానాలు మారొచ్చు, భూమిలో ఖనిజం మారదు.

అందుకే నా మాట: గని ఊసు వచ్చిన ప్రతి ఊళ్లో ముందుగానే నీళ్లు, రక్తం, పాలపళ్లు పరీక్షించాలని గ్రామసభ తీర్మానం చేయాలి. పెసా చట్టం 1996 నుంచి ఉన్నది కాగితంలో దాచుకోవడానికి కాదు. తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా ఒక్క పన్ను కూడా ఊరు దాటొద్దు. ఫలితాలు మన భాషలో, మన గ్రామసభ ముందు చదివి చెప్పాలి. శాంపిళ్లు పట్టుకుపోయి మొహం చూపించని వాళ్లు మనకు వద్దు.

ఒక జాగ్రత్త. పుచ్చిన ప్రతి పన్నుకూ గని కారణం అనొద్దు. చక్కెర, బిస్కెట్లు, దగ్గర్లో పళ్ల డాక్టరు లేకపోవడం కూడా కారణాలే. పైగా పుచ్చిన పన్నులోకి ఉమ్మి నుంచి కూడా లోహాలు చేరొచ్చు, కాబట్టి దాని లెక్క వేరు, గట్టి పన్ను లెక్క వేరుగా చూడాలి. మన వాదనలో ఒక్క అబద్ధం దొరికినా వంద నిజాలను పక్కన పడేస్తారు.

రుజువు అడిగేవాళ్లు అడుగుతనే ఉంటరు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దాన్ని పోగుచేసే పని మీరే ఎత్తుకోవాలె.

జల్, జంగల్, జమీన్ మనవే. జై ఆదివాసీ!