మా పిన్ని జబ్బు ఎవరి ఫోన్‌లో ఉంది?

గత వానాకాలంలో మా పిన్నిని కోనసీమలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రితో పోయే సంగతి కాదు. రెండు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, మనిషి చిక్కి సగమైపోయింది. ఓపీ చీటీ రాసే కుర్రాడు ఆధార్ అడిగాడు, ఇచ్చాం. "ఓటీపీ వచ్చిందా అమ్మా?" అన్నాడు. పిన్ని నా ముఖం చూసింది.

ఆధార్‌కి ఎక్కిన నంబరు ఆవిడది కాదు. పిన్నీ బాబాయ్ కాపలా ఉండే రొయ్యల చెరువు ఆసామిది. అప్పట్లో వాళ్లకి ఫోన్ లేదు, ఆయన నంబరే ఇచ్చారు. ఇక ఆయనకే ఫోన్ కొట్టాం. "ఏటి, ఆసుపత్రా? ఏమైందంట?" అని ఆరా తీసి అప్పుడు నంబరు చెప్పాడు. కుర్రాడు ఇంగ్లీషులో ఉన్న ఏదో పేజీ కింద టిక్కు పెట్టి, "ఆయ్, అయిపోయిందండి" అన్నాడు. పిన్నికి చీటీతో పాటు ఒక 14 అంకెల నంబరు కూడా వచ్చింది. అదేంటో ఆవిడ అడగలేదు, ఆ కుర్రాడు చెప్పలేదు. వెనక వరసలో 40 మంది ఉన్నారు, అతన్నీ ఏమనలేం.

పరీక్షలయ్యాక టీబీ అన్నారు. వారం తిరక్కుండా ఆసామి "కొన్నాళ్లు చెరువు గట్టుకి రావద్దులే" అన్నాడు. ఆయనకి ఎలా తెలిసిందో నేను చెప్పలేను. ఊళ్లో అనుకున్నారో, మెసేజే వచ్చిందో. కానీ మా పిన్ని జబ్బు తాళంచెవి ఆయన జేబులో ఉందన్నది మాత్రం నిజం.

ఆ 14 అంకెల నంబరే ఆభా. 2020 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన డిజిటల్ హెల్త్ మిషన్, 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పేరుతో దేశమంతా మొదలైంది. దీన్ని నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. ఇందులో మన రికార్డులన్నీ ఢిల్లీలో ఒకే చోట కుప్ప పోయరు. ఏ ఆసుపత్రిలో చూపించుకుంటే రికార్డు అక్కడే ఉంటుంది, దానికి మన నంబరుతో లింకు మాత్రమే పడుతుంది. ఇంకో డాక్టర్ చూడాలంటే మనం ఫోన్‌లో సరే అనాలి. కాగితం మీద మంచి ఏర్పాటే. కానీ దీనంతటికీ పునాది ఒక్కటే: ఆ ఫోన్ మనదై ఉండాలి, అందులో ఏం రాసి ఉందో మనకి అర్థం కావాలి. చెరువు గట్ల మీద, ఇటుక బట్టీల దగ్గర, లంకల్లో బతికే మా యానాది, ఎరుకల కుటుంబాల్లో ఎందరికి ఆ పునాది ఉంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వం ఆసుపత్రుల్ని ఏం లెక్క అడుగుతోంది? ఎన్ని ఆభా నంబర్లు తీశారు, ఎన్ని రికార్డులు లింకు చేశారు, ఎన్ని ఆసుపత్రులు, ఎంతమంది డాక్టర్లు రిజిస్ట్రీలో చేరారు. డాష్‌బోర్డు తెరిస్తే కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే అంకెలు ఇవే. ఈ లెక్కల్లో మన ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసలో ఉంది. 2023 జనవరి నుంచి లెక్కకి డబ్బు కూడా తోడైంది. ఆభాతో లింకయ్యే రికార్డులు ఒక హద్దు దాటితే, ఆ పైన ప్రతి రికార్డుకూ ఇంత అని ఆసుపత్రులకూ సాఫ్ట్‌వేర్ కంపెనీలకూ ప్రోత్సాహకం ఇస్తామన్నారు. గరిష్ఠంగా 4 కోట్ల రూపాయల వరకు. లింకుకి డబ్బొస్తే లింకులే పెరుగుతాయి. ఓటీపీ ఎవరి ఫోన్‌కి పోయిందో ఎవడికి కావాలి?

ఇది మన దగ్గరే పుట్టిన రోగం కాదు. అమెరికాలో 2009లో హైటెక్ చట్టం తెచ్చి, కంప్యూటర్ రికార్డులు వాడే ఆసుపత్రులకి వేల కోట్ల డాలర్లు పంచారు. డబ్బు కావాలంటే రికార్డుల్ని నిజంగా ఉపయోగపెడుతున్నట్టు లెక్క చూపాలన్నారు. ఆ లెక్కల్లో ఒక మంచి షరతు పెట్టారు: రోగుల్లో నూటికి 5 మందికి పైగా తమ రికార్డుని తామే తెరిచి చూసుకుని ఉండాలి. ఆసుపత్రులు గోల పెట్టాయి. 2015లో ఆ షరతుని ఎంతకి దించారో తెలుసా? కనీసం ఒక్క రోగి చూస్తే చాలన్నారు. పైకి పంపే లెక్కలు పూర్తయ్యాయి, రోగి చేతికి వచ్చే లెక్క మాత్రం ఒక్కటి దగ్గర ఆగింది. డబ్బున్న దేశంలోనే ఇలా జరిగితే, రాజోలులో ఎవరూ అడక్కుండా మనకి వాళ్లే తెచ్చి ఇస్తారా?

"మరి వద్దంటావా?" అని అడుగుతారు. వద్దనను. 2022 జూలై గోదావరి వరదల్లో లంక ఊళ్లు మునిగినప్పుడు ట్రంకు పెట్టెలతో పాటు ఎక్స్‌రేలూ మందుల చీటీలూ నీళ్లపాలయ్యాయి. అమలాపురంలో కాదని కాకినాడ పెద్దాసుపత్రికి పంపితే అక్కడ మొదటి మాట "పాత కాగితాలు ఏవీ?" అనే. రంపచోడవరం ఏజెన్సీ నుంచి దిగొచ్చే మన కోయ, కొండరెడ్డి వాళ్లకీ అక్కడ అదే మాట. రికార్డు ఉండటం మనకే అవసరం. ఎవరి చేతిలో, ఎవరి మేలుకి అన్నదే తగువు.

టీబీనే తీసుకోండి. 2012 నుంచి టీబీ కేసు దొరికితే ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రభుత్వానికి తెలపాల్సిందే. నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాలి. కానీ అలా ఎక్కిన రోగికి పోషకాహారం కోసం నెలనెలా డబ్బు వస్తుంది. 2018లో 500తో మొదలై 2024 నవంబర్ నుంచి 1000 రూపాయలైంది. మా పిన్నికి ఆ డబ్బు రావడానికి బ్యాంకు ఖాతా తిప్పలు పడ్డాం, అది వేరే కథ. కానీ చూడండి, ఇక్కడ లెక్క పైకి వెళ్తే కిందికి ఏదో ఒకటి వస్తోంది. ఆభా లెక్కలో పిన్నికి వచ్చింది ఒక నంబరు మాత్రమే.

రిజిస్టర్ అంటే మనకి భయం ఎందుకో బయటివాళ్లకి అర్థం కాదు. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. ఎరుకల వాళ్ల పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది, ముద్ర ఇంకా పోలేదు. మన పేరు ఎవరైనా పెద్ద పుస్తకంలో రాస్తుంటే "ఎందుకు?" అని అడగటం వెనకబాటుతనం కాదు, అనుభవం.

అమెరికాలో హవాసుపాయి ఆదివాసుల కథ కూడా ఇలాంటిదే. 1990ల్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు షుగర్ జబ్బు మీద పరిశోధన అని రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తాన్ని మానసిక రోగాల మీద, ఆ జాతి మూలాల మీద అధ్యయనాలకి వాడేశారు. అడిగింది ఒకదానికి, వాడింది ఇంకోదానికి. వాళ్లు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్త నమూనాలు వెనక్కిచ్చింది. మన ఏజెన్సీలో ఇప్పుడు సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి. 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ కింద ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. ఆ పరీక్ష మంచిదే, చేయించుకోండి. కానీ ఒక పిల్లకి ఆ లక్షణం ఉందన్న మాట పెళ్లి సంబంధం దాకా వెళ్తుంది. కాబట్టి ఆ కార్డు, ఆ రికార్డు ఎవరు చూస్తారన్నది చిన్న ప్రశ్న కాదు.

కోనసీమలో మనకి ఇంకో చిక్కుంది. ఏజెన్సీలో జనం ఎక్కువ, ఐటీడీఏ ఉంది. ఇక్కడ మనం ఊరికి నాలుగిళ్లు, ఐదిళ్లు. "పేర్లు తీసేసి లెక్క మాత్రమే ఇస్తాం" అంటారు. ఐదు యానాది ఇళ్లున్న ఊళ్లో "ఎస్టీ, మహిళ, 45 ఏళ్లు, టీబీ" అంటే పేరు రాయక్కర్లేదు, ఊరంతా చెప్పేస్తుంది. అమెరికాలో ప్రభుత్వ వైద్య బీమా లెక్కల్ని బయటపెట్టేటప్పుడు ఏ గడిలోనైనా మనుషులు 10 లేదా అంతకన్నా తక్కువ ఉంటే ఆ అంకె దాచేస్తారు. అలాగని మనల్ని అసలు లెక్కపెట్టకపోయినా నష్టమే. లెక్కలో లేనివాడికి మందులూ ఉండవు, అంబులెన్సూ ఉండదు. అందుకే రెండూ కావాలి: డివిజన్ స్థాయిలో మన లెక్క కనిపించాలి, ఊరి స్థాయిలో మన మనిషి కనిపించకూడదు.

అందుకే ఆసుపత్రులు పంపే రిపోర్టులో ఈ ప్రశ్నలు కూడా ఉండాలని మనం అడగాలి.

ఒకటి, తీసిన ఆభా నంబర్లలో ఎన్ని రోగి సొంత ఫోన్‌తో తీశారు, ఎన్ని ఇంకొకరి ఫోన్‌తో?

రెండు, అనుమతి ఏ భాషలో అడిగారు? 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి కోరే పత్రం ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చూసుకునే వీలుండాలి. తెలుగు ఉంది. సంతాలీ, బోడో ఉన్నాయి. కోయ లేదు, కువి లేదు, ఎరుకల మాట లేదు. ఆ భాషల్లో కనీసం నోటితో చెప్పే మనిషినైనా పెట్టాలి.

మూడు, ఆభా వద్దన్నవాళ్లు ఎంతమంది, వాళ్లకి వైద్యం అందిందా? ఈ నంబరు లేదని వైద్యం నిరాకరించకూడదని ప్రభుత్వ విధానమే చెబుతోంది. రిపోర్టులో "వద్దన్నవారు సున్నా" అని ఉంటే, అందరూ ఒప్పుకున్నారని కాదు, ఎవరినీ అడగలేదని అర్థం.

నాలుగు, ఎంతమంది రోగుల చేతికి తెలుగు కాగితం ఇచ్చారు? ఫోన్ లేనివాడికి కాగితమే రికార్డు.

ప్రభుత్వం మారేదాకా మనం ఊరికే కూర్చోవక్కర్లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ చేతిలో ఫోన్ ఉంది, నాలుగు అక్షరాలు వచ్చు. ఈ ఆదివారం మీ పేటలో ప్రతి ఇంటికీ వెళ్లి ఆధార్‌కి ఏ నంబరు ఉందో అడగండి. ఆసామిది, మేస్త్రీది, షాపువాడిది ఉంటే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్లి మార్పించండి. ఆసుపత్రికి ఎవరు వెళ్తున్నా తోడు వెళ్లండి. టిక్కు పెట్టే ముందు "అన్నా, అందులో ఏం రాసుంది?" అని ఒక్క మాట అడగండి. గొడవ పెట్టుకోవద్దు, ఆ కౌంటర్ కుర్రాడూ మనలాంటి జీతగాడే. అడగటం మాత్రం మానొద్దు.

పిన్ని ఆరు నెలల మందులు పూర్తి చేసింది. మళ్లీ పనిలోకి వెళ్తోంది, వేరే చెరువుకి. ఆధార్ నంబరు మార్పించాం. మొన్న తన ఫోన్‌కి మొదటిసారి ఆసుపత్రి మెసేజ్ వస్తే నా దగ్గరికి తెచ్చి "ఏటి రాశారో చదివి పెట్టు" అంది. చదివాను. తెలుగులో లేదు.