విశ్లేషణ: జీతం ముట్టని సైనికులు.. 54వ మసాచుసెట్స్ దళం చెప్పే చరిత్ర

సమాఖ్య పరిధిలోని చారిత్రక స్థలాల్లో దేశ గతాన్ని ఎలా వివరిస్తున్నారో సమీక్షించాలని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 మార్చిలో ఆదేశించారు. గతంలోని అన్యాయాలను ఎంత మేరకు చెప్పాలన్నదే వివాదం. అంతర్యుద్ధ కాలపు 54వ మసాచుసెట్స్ స్వచ్ఛంద పదాతిదళం ఇందుకు గీటురాయి.

బానిస విమోచన ప్రకటన వెలువడిన 1863లోనే నల్లజాతి సైనికులతో, శ్వేతజాతి అధికారులతో ఈ దళం ఏర్పడింది. ఆ ఏడాది జులై 18న దక్షిణ కరోలినాలోని వాగ్నర్ కోటపై దాడికి అగ్రభాగాన నిలిచింది. సుమారు 600 మందిలో దాదాపు 270 మంది మరణించారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. కల్నల్ రాబర్ట్ గౌల్డ్ షా నేలకొరిగారు.

అయినా వేతన వివక్ష తొలగలేదు. శ్వేతజాతి సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇచ్చిన ప్రభుత్వం, సమాన వేతనమన్న హామీతో చేరిన వీరికి 10 డాలర్లే నిర్ణయించి, అందులోనూ దుస్తుల పేరిట 3 డాలర్లు మినహాయించింది. లోటు భర్తీ చేస్తామని రాష్ట్రం ముందుకొచ్చినా సైనికులు తిరస్కరించారు. సొమ్ము సరిపోయినా హోదా సమానం కాదన్నది వారి వాదన. ఏడాదికి పైగా జీతం ముట్టలేదు. చివరకు 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ దిగివచ్చింది.

గుర్తింపు మరింత ఆలస్యమైంది. వాగ్నర్ వద్ద జెండాను కాపాడిన సార్జెంట్ విలియం కార్నీకి మెడల్ ఆఫ్ ఆనర్ 1900లో దక్కింది. బోస్టన్‌లో 1897లో ఆవిష్కరించిన స్మారకంపై అమరులైన అధికారుల పేర్లుండగా, నల్లజాతి సైనికుల పేర్లు 1980వ దశకంలో గానీ చేరలేదు.

శౌర్యాన్ని ఉంచి వివక్షను తొలగిస్తే, ఈ దళం గెలిచిన రెండో యుద్ధం చరిత్రలో కనిపించదు.