పనిబడుల కోసం మా ప్రణాళిక

పొగాకు పొలంలో బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1901లో తన ఆత్మకథ 'అప్ ఫ్రమ్ స్లేవరీ'ని వెలువరించాడు. 1881లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కెగీ అనే ఊళ్లో ఆయన బడి మొదలుపెట్టినప్పుడు దానికి సొంత గది లేదు. విద్యార్థులే ఇటుకలు కోసి కాల్చారు. మూడుసార్లు బట్టీ చెడింది. నాలుగోసారికి చేతిలో పైసా లేక ఆయన తన గడియారాన్ని పదిహేను డాలర్లకు తాకట్టు పెట్టాడు. ఆ బట్టీ నిలిచింది. నిన్నటిదాకా ఒకరి కోసం చాకిరీ చేసిన చేతులు తమ బడి గోడను తామే లేపుకున్నాయి. ఎవరి కోసం, ఎవరి ఇష్టంతో చేస్తున్నామన్నదాన్ని బట్టి పని మనిషిని కుంగదీస్తుంది లేదా నిలబెడుతుంది. పనినీ చదువునూ కలిపే పనిబడుల కోసం సాగే మా ఉద్యమానికి పునాది ఈ ఎరుకే.

మేడ్చల్, శామీర్‌పేట ఊళ్లకు ఇది పరాయి కథ కాదు. తెలంగాణ పల్లె వెట్టిని మోసింది. తండ్రి అప్పుకు కొడుకును దొర కొట్టంలో జీతం పెట్టడం చూసింది. జోతిరావు ఫూలే 1873లోనే తన 'గులాంగిరి'ని అమెరికాలో బానిసల విముక్తికి పాటుపడినవారికి అంకితమిచ్చాడు. అక్కడి బానిసల దుఃఖం, ఇక్కడి అణగారిన కులాల దుఃఖం ఒకటేనని ఆయన ఎరిగినవాడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అయినా 1991 నాటికి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పిల్లలు ఇంకా జీతం ఉంటూనే ఉన్నారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లను విడిపించి, శిబిరాల్లో చదివించి, బడుల్లో చేర్చింది. మన రెండు మండలాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. ఆ దారి అక్కడితో ఆగకూడదు.

మిత్రులారా, మా విశ్వాసాలివి.

1. బాల్యం బడిదే. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్న ఎం.వి. ఫౌండేషన్ సూత్రాన్ని మేము శిరసావహిస్తున్నాం. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు పని నేర్పేది బుద్ధి వికసించడానికే. వాళ్లు చేసిన ఏ వస్తువూ అమ్మకానికి పోదు. కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయపడవచ్చని 2016 చట్ట సవరణ ఇచ్చిన మినహాయింపును మేము అంగీకరించం.

2. చేతిపని అందరి చదువు. ఈ మాట దగ్గర మేము పట్టు విడవం. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ, పిల్లలు ఒకపూట బడికి, ఒకపూట ఇంటి వృత్తికి పోయే పథకం తెచ్చారు. ఇది కులవృత్తి చదువని జనం ఎదురుతిరిగారు. మరుసటి ఏడాది అది రద్దయింది. ఆ జనం పక్షాన మేమున్నాం. వాషింగ్టన్‌తోనూ ఇక్కడే విడిపోతాం: 1895 అట్లాంటా ప్రసంగంలో ఆయన నల్లజాతివారి రాజకీయ హక్కులను వెనక్కి నెట్టాడు, 1903లో నల్లజాతి మేధావి డుబాయిస్ దాన్ని నిలదీశాడు. డుబాయిస్ మాటే న్యాయం. ఓటు, పుస్తకం, పనిముట్టు మూడూ ఒకేసారి చేతికందాలి. మా బడిలో భూస్వామి మనవడు కుమ్మరి సారె తిప్పుతాడు, మాదిగ ఇంటి బిడ్డ సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటుంది. ఎవరు ఏ పని నేర్వాలో వాళ్ల ఇష్టమే తేలుస్తుంది, ఇంటిపేరు తేల్చదు.

3. ఈ నేల మీద పెరిగిన జ్ఞానంలో ఈ నేల బిడ్డలకు వాటా ఉంది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా మేడ్చల్‌లో తయారైంది. శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దాకా జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలే. మేము కోరే రేపట్లో లాల్‌గడి మలక్‌పేట అమ్మాయి టీకా చెడకుండా కాపాడే శీతల యంత్రాన్ని విప్పి బాగుచేస్తుంది. అది ఎందుకు చల్లబరుస్తుందో భౌతికశాస్త్రంలో చెప్పగలుగుతుంది. అలియాబాద్ కుర్రవాడు స్టీలు గొట్టాన్ని అతుకు కనపడకుండా వెల్డింగ్ చేస్తాడు, సాయంత్రం గ్రంథాలయంలో చరిత్ర చదువుతాడు. ఆ చదువుతో రేపు ఇంజినీరింగ్‌కు పోవాలనుకుంటే తలుపు తెరిచే ఉండాలి. ఐటీఐ చదివినవాడికి అదే ఆఖరి మెట్టు కాకూడదు.

4. పని తెలిసినవాళ్లే పనికి గురువులు. ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడిన మేస్త్రీకి డిగ్రీ లేకపోవచ్చు. ఆయన బడిలోకి గౌరవంగా, ఉపాధ్యాయుడితో సమానమైన జీతంతో రావాలి.

5. ప్రతి పనిబడీ ఆత్మకథలు రాయించాలి. ఒకప్పుడు జీతం ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లు చెబుతుంటే పిల్లలు రాసుకోవాలి. ఎంత అప్పుకు, ఎన్నేళ్లు, ఎవరి పసుల వెంట తిరిగారో, ఎలా బయటపడ్డారో అంతా వాళ్ల మాటల్లోనే ఉండాలి. బడి అచ్చుయంత్రం మీద పిల్లలే ఆ పుస్తకాలు అచ్చువేయాలి, కుట్టాలి. మీ తాత, మీ నాయనమ్మ అలాంటివారైతే ముందు మా దగ్గరికి రండి. మీకు వెల్డింగ్, కుట్టుపని, మోటారు మరమ్మతు ఏది తెలిసినా రండి. మొదటి బడికి జాగా చూడాలి, గోడలు లేపాలి.