గిటారుకు తొమ్మిది వోల్టుల డబ్బా

పోయిన నెల మిక్సర్ కార్బన్ల గురించి రాస్తే చాలామంది ఇంటికొచ్చి మరీ అడిగిపోయిండ్రు. ఈ నెల కుక్కర్ సీటీ గురించి రాద్దామనుకున్న. అది వచ్చే నెలకు పోయింది. ఎందుకంటే షోలాపూర్ పూర్వ భాగ్ నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది.

"కాకా, మా పిల్లగాడు గిటారు గిటారు అని తిండి మానేసిండు. బీడీల పైసలు దాచి పాతది ఒకటి కొనిచ్చిన. కరెంటు గిటారట, డబ్బా లేకుంటే వినపడదట. దుకాణంల డబ్బా ధర చూస్తే కండ్లు తిరిగినయి. ఇప్పుడు పాత టీవీ విప్పి, ప్లగ్గు పెట్టి, లోపల వైర్లు గెలుకుతున్నడు. వాళ్ల నాయినేమో సాంచల చప్పుడు చాలదా, ఇంట్ల ఇంకో చప్పుడెందుకు అంటడు."

చెల్లె, ముందుగాల ఆ టీవీ మూసెయ్యమను. లోపల 230 వోల్టులు నేరుగా తిరుగుతయి. పాత డబ్బా టీవీల ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబు దగ్గర కరెంటు నిలిచి ఉంటది. ఇంకో మాట, ఇది చాలామందికి తెల్వదు. కరెంటు గిటారుల తీగలను లోపల ఎర్త్ వైరుకు కలుపుతరు. ఆ ఎర్త్ పోయి డబ్బా ఎర్త్‌తో కలుస్తది. డబ్బాల ఎక్కడన్న మెయిన్ కరెంటు తగులుకుంటే అది తీగల మీదికి, తీగల మీద నుంచి పిల్లగాని చేతికి వస్తది. అందుకే నాసిరకం అడాప్టర్ కూడా వద్దంటున్న. బ్యాటరీ ఒక్కటే.

బ్యాటరీతోటి మంచి డబ్బా అయితది. దానికి పెద్ద చదువు అక్కరలేదు. నేను నాలుగో తరగతి, నాకే వచ్చింది.

గిటారుల ఏముంటదో చూడుండ్రి. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ. మనం కండె చుట్టినట్టే వేల చుట్లు చుడతరు. ఇనుప తీగ ఊగితే ఆ రాగిల చిన్న కరెంటు పుడుతది. అది స్పీకర్‌ను కదిలించలేదు. దాన్ని పెంచేదే ఆంప్లిఫయర్.

ఆ పని ఒక్క ఐసీ చేస్తది. నంబరు ఎల్‌ఎం 386. ఎనిమిది కాళ్లు, చింతగింజంత ఉంటది. మన దగ్గర దొరకకుంటే పూణె తప్కీర్ గల్లీల, ముంబై లామింగ్టన్ రోడ్డుల దొరుకుతది. దాంతోపాటు ఎనిమిది కాళ్ల సాకెట్ కూడా తీసుకోండ్రి. సాకెట్‌ను సోల్డర్ చేసి, ఐసీని చివరికి గుచ్చాలె. ఐసీ కాలిపోతే పీకి వేరేది పెట్టుకోవచ్చు. నాకు అన్నీ కలిపి రెండు వందల యాభై లోపే అయింది, స్పీకరు పాత రేడియోది.

ఐసీ మీద గాటు పైకి పెట్టి చూస్తే ఎడమ పక్క పైన ఒకటో కాలు. కిందికి లెక్కపెడితే నాలుగు, అక్కడినుంచి కుడి పక్క కింద అయిదు, పైకి పోతే ఎనిమిది. రెండో కాలు, నాలుగో కాలు బ్యాటరీ మైనస్‌కు. ఆరో కాలు ప్లస్‌కు. గిటారు జాక్ నుంచి వచ్చే వైరు 10 కిలో ఓమ్‌ల వాల్యూమ్ ఒక చివరకు, ఇంకో చివర మైనస్‌కు, నడిమిది మూడో కాలుకు. అయిదో కాలు నుంచి 220 మైక్రోఫారడ్ కండెన్సర్, దాని మైనస్ పక్క నుంచి స్పీకర్‌కు, స్పీకర్ రెండో వైరు మైనస్‌కు. కండెన్సర్‌కు పొడుగు కాలు ప్లస్, ఒంటి మీద పట్టీ ఉన్న పక్క మైనస్. అయిదో కాలు నుంచే ఇంకో దారి: 10 ఓమ్‌ల రెసిస్టరు, దాని వెనుక 473 అని రాసి ఉండే చిన్న కండెన్సర్, అక్కడినుంచి మైనస్. ఇది పెట్టకుంటే డబ్బా దానంతటదే కూత పెట్టవచ్చు. చాలామంది ఇది వదిలేసి ఐసీ బాగలేదంటరు. బ్యాటరీ వైర్ల మధ్య, ఐసీ దగ్గరనే, 100 మైక్రోఫారడ్‌ది ఒకటి.

గంతే. ఇట్ల కడితే గిటారు శబ్దం ఇరవై రెట్లు పెరుగుతది. ఒకటో కాలుకు, ఎనిమిదో కాలుకు నడుమ 10 మైక్రోఫారడ్ పెడితే, ప్లస్ ఒకటికి పెట్టాలె, రెండు వందల రెట్లు. అప్పుడు శబ్దం చినిగినట్టు వస్తది. పిల్లలకు అదే ఇష్టం. మొదట అది లేకుండ కట్టి, మామూలుగ పలికినంక పెట్టుకోండ్రి.

సోల్డరింగ్ గురించి ఒక్క మాట. మిల్లుల మా ఎలక్ట్రీషియన్ చెప్పేవాడు, సీసానికి కాదు, కాలుకు వేడి పెట్టు అని. కాలు వేడెక్కితే సోల్డర్ దానంతటదే పారుతది, మెరుస్తది. బూడిద రంగుల ముద్దగ ఉంటే మళ్లీ వేడి చెయ్యాలె. కిటికీ తెరిచి చెయ్యండ్రి. పని అయినంక సబ్బుతోటి చేతులు కడుక్కోవాలె, అండ్ల సీసం ఉంటది. చిన్న పిల్లలున్న ఇంట్ల ముక్కలు కింద పడెయ్యొద్దు.

బ్యాటరీ ఉల్టా పెడితే ఐసీ పోయినట్టే. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ తొందరగ అయిపోతది, దాని బదులు ఆరు పెన్సిల్ సెల్లులు హోల్డర్ల పెడితే అవే తొమ్మిది వోల్టులు, చాలా రోజులు వస్తయి.

స్పీకరు 8 ఓమ్‌లది ఉండాలె. విడిగ బల్ల మీద పెట్టి వాయిస్తే పేలవంగ ఉంటది, ఎందుకంటే ముందు నుంచి వచ్చే గాలి, వెనుక నుంచి వచ్చే గాలి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. చెక్క పెట్టెల బిగిస్తే గొంతు మారిపోతది. టీవీల నుంచి స్పీకరు కావాలంటే మెకానిక్ దగ్గర తీయించుకోండ్రి, పిల్లగాడు తియ్యొద్దు.

అర వాటు అటూ ఇటూ శబ్దం వస్తది. పెండ్లి బరాత్‌కు చాలదు, చాళ్ల గదికి ఎక్కువే. వాళ్ల నాయినకు ఇది చెప్పు చెల్లె.

గుయ్యిమని వస్తే జాక్ నుంచి వాల్యూమ్ దాకా జాలీ వైరు వాడాలె. అయినా పోకపోతే ట్యూబులైటు ఆర్పి చూడండ్రి. పక్కింట్ల సాంచలు నడిచేటప్పుడు గిటారుల కండెనే ఆ గుయ్యిని పట్టుకోవచ్చు, డబ్బా తప్పు కాదు.

శబ్దం మబ్బుగ, గొంతు మూసినట్టు ఉందా? ఆ ఐసీ, ఆ వాల్యూమ్ గిటారు మీద బరువు పడేస్తయి. ముందర ఒక ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టరు పెడితే ఆ బరువు పోతది. అది రెండో విడత పని, మొదటిది పలికినంకనే.

ఇంగొకటి, వాళ్ల నాయిన "మన ఇంట్ల ఎవలకొచ్చు ఈ విద్య" అన్నడట. అమెరికాల లియో ఫెండర్ అనే ఆయన 1938ల రేడియో రిపేరు దుకాణం పెట్టుకున్నడు. ఆయన గిటార్లు, డబ్బాలు దునియా మొత్తం పోయినయి. ఆయనకు గిటారు వాయించుడే రాదు.

పిల్లగాన్ని ఆదివారం పొద్దుగాల పంపు. నా దగ్గర ఐరన్ ఉంది, రెండు ఐసీలు కూడ ఉన్నయి. స్పీకరు, గిటారు వాడు తెచ్చుకోవాలె. టీవీ తేవద్దు.